నిండు బండి లెక్క వేరు: చిన్న ఎస్‌యూవీ ఇంటికెంత, మట్టి దారికెంత?

విజయవాడలోనో గుంటూరులోనో చిన్న కారు అమ్మేసి కాస్త పెద్దది కొనాలనుకునే కుటుంబం ఇవాళ ముందుగా అడిగేది కాంపాక్ట్ ఎస్‌యూవీ గురించే. ఆ అడగడంలో రెండు వేర్వేరు ఆశలు కలిసి ఉంటాయి. ఇంటిల్లిపాదీ సామానుతో సహా హాయిగా కూర్చుని తిరుపతికో శ్రీశైలానికో వెళ్లి రావాలన్నది ఒకటి. సొంత ఊళ్లో పొలం దాకా, కాలువ కట్ట మీదుగా, వానాకాలపు గతుకుల్లో కూడా బండి ఆగకుండా పోవాలన్నది రెండోది. రెండూ ఒకే బండిలో దొరుకుతాయని ప్రకటనలు చెబుతాయి, అది కొంతవరకు నిజమే. కానీ మొదటి ఆశ తీరే కొద్దీ రెండోది తగ్గుతూ వస్తుంది. అది బ్రోషర్ చూస్తే తెలియదు, ఎందుకంటే అందులోని గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి పొట్టకూ మధ్య ఎత్తు), గట్టు ఎక్కి దిగే కోణాలు, పికప్ సాధారణంగా ఖాళీ బండివో, ఒకరిద్దరు మాత్రమే ఎక్కిన బండివో అయి ఉంటాయి. మనం నడిపేది మాత్రం నిండు బండిని.

బండి ఎత్తు, చక్రాల పట్టు, లోపలి చోటు అనేవి మూడు వేర్వేరు విషయాలు. చూడటానికి ఎత్తుగా, కండగా ఉన్న బండికి ఈ మూడూ వాటంతట అవే ఉంటాయనుకోవడం వల్లనే చాలామంది తమకు అక్కరలేని దానికి డబ్బు పెట్టి, కావలసినదాన్ని వదులుకుంటున్నారు. ఒక్కొక్కదాన్నీ విడదీసి, బరువు ఎక్కిన తర్వాత అది ఏమవుతుందో చూస్తే ఎంపిక చాలా సులువవుతుంది.

నాలుగు మీటర్ల గీత

మన దేశంలో ఈ బండ్ల ఆకారాన్ని ఇంజనీర్లతో పాటు పన్ను చట్టం కూడా నిర్ణయించింది. పొడవు నాలుగు మీటర్లు దాటని కార్లకు తక్కువ పన్ను అనే పద్ధతి 2006 నుంచీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్లలోనూ ఆ గీత అలాగే ఉంది: పొడవు 4,000 మిల్లీమీటర్లు మించకుండా, ఇంజిన్ పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకుండా ఉంటే 18 శాతం, లేకపోతే 40 శాతం. టాటా నెక్సాన్, మారుతి బ్రెజా రెండింటి పొడవూ 3,995 మిల్లీమీటర్లే కావడం ఈ గీత వల్లనే. అయితే నెక్సాన్ ఇంజిన్లు ఆ పరిమితుల్లోనే ఉన్నాయి కాబట్టి దానికి 18 శాతం పడుతుంది, బ్రెజాది 1,462 సీసీ పెట్రోల్ ఇంజిన్ కాబట్టి దానికి 40 శాతం.

ఈ గీత మట్టి దారి మీద కూడా తన ప్రభావం చూపుతుంది. పొడవు తగ్గించడానికి వెనక చక్రాల తర్వాత ఉండే భాగాన్ని కత్తిరించేశారు. దానివల్ల కాలువ కట్ట మీద నుంచి దిగేటప్పుడు వెనక బంపర్ నేలకు తగలడం తగ్గింది, కానీ ఆ కత్తిరించిన చోటే డిక్కీ ఉండవలసిన చోటు. నెక్సాన్ పెట్రోల్, డీజిల్ మోడళ్లలో 382 లీటర్లు, బ్రెజాలో 328 లీటర్లు మిగిలాయి. బ్రెజా సీఎన్‌జీలో సిలిండరే ఆ చోటులో ఎక్కువ భాగం తీసుకుంటుంది. ముందువైపు మాత్రం ఇంజిన్ అడ్డంగా కూర్చుని, ముందు చక్రాలకే శక్తిని ఇచ్చే అమరిక వల్ల ముక్కు చక్రాలకన్నా బాగా ముందుకు వచ్చి ఉంటుంది. కాబట్టి నిటారు గట్టు ఎక్కేటప్పుడు మొదట రాసుకునేది ముందు బంపరే.

సెల్లార్ ర్యాంప్ చెప్పే సంగతి

గ్రౌండ్ క్లియరెన్స్ అనే ఒక్క అంకె మీద మనవాళ్లకు ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. 200 మిల్లీమీటర్లు దాటితే ఎక్కడికైనా పోవచ్చన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అలా కడితే చిన్న కారుకు కూడా అది అడ్డు కాదు. మన వీధుల్లో స్థానికులు వేసుకునే సిమెంటు దిమ్మెలు ఆ కొలతలు పాటించవు కాబట్టే ఎత్తు మీద ఇంత మోజు.

విజయవాడలో ఈ విషయం పరీక్షించడానికి అడవికి వెళ్లనవసరం లేదు, పాత అపార్ట్‌మెంటు సెల్లార్ చాలు. స్థలం చాలక నిట్టనిలువుగా కట్టిన ర్యాంపు, పైకి రాగానే ఒక్కసారిగా చదునైపోయే అంచు. ముందు చక్రాలు అంచు దాటి, వెనక చక్రాలు ఇంకా వాలులో ఉన్న ఆ క్షణంలో బండి పొట్ట ఆ అంచుకు ఎంత దగ్గరగా వస్తుందన్నది గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్కదాని మీద ఆధారపడదు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్ కూడా అందులో భాగమే. వీల్‌బేస్ 2,500 మిల్లీమీటర్లు, పొట్ట ఎత్తు 200 మిల్లీమీటర్లు అనుకుంటే సుమారు 18 డిగ్రీల మలుపున్న అంచును బండి తగలకుండా దాటగలదు. ఐదుగురూ ఎక్కి, డిక్కీ నిండి, పొట్ట 40 మిల్లీమీటర్లు కిందికి దిగిందనుకోండి, అదే లెక్క 15 డిగ్రీల లోపుకు వచ్చేస్తుంది. పొద్దున ఖాళీగా సాఫీగా దాటిన అంచు దగ్గరే, ఊరికి బయలుదేరిన సాయంత్రం కింద నుంచి గరగరమని చప్పుడు వస్తుంది. ఒక్కోసారి ఆ దెబ్బ ఇంజిన్ కింద ఉండే ఆయిల్ చాంబర్‌కు తగులుతుంది. కొనేముందు బండి కింద మోకాళ్ల మీద కూర్చుని చూడటం సిగ్గుపడవలసిన పని కాదు: అన్నిటికన్నా కిందికి వేలాడుతున్నది ఏమిటి, దానికి లోహపు రక్షణ పలక ఉందా, లేక పల్చటి ప్లాస్టిక్ తొడుగేనా అన్నది అక్కడ తప్ప ఇంకెక్కడా తెలియదు.

బరువు విషయంలో చాలామంది చూడని అంకె ఇంకొకటి ఉంది. ప్రతి బండికీ ఖాళీ బరువు, అది మోయగల మొత్తం బరువు అని రెండు అంకెలుంటాయి, వాటి తేడాయే మనకు దక్కే మోత. మారుతి జిమ్నీ ఐదు డోర్ల మోడల్ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, మొత్తం అనుమతించిన బరువు 1,545 కిలోలు. అంటే మిగిలేది 345 కిలోల దరిదాపు. డెబ్బై కిలోల చొప్పున నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే 280 పోగా, గుంటూరు యార్డుకు వచ్చే మిర్చి టిక్కీ ఒకటి, దాని పక్కన చిన్న సంచి పెట్టుకునేంత బరువే మిగులుతుంది. కొండలూ గుట్టలూ ఎక్కగల బండే, కానీ పెళ్లి సామానుతో నలుగురు పెద్దవాళ్లు నెల్లూరు దాకా వెళ్లడానికి తగినది కాదు.

పట్టు ఎక్కడ పుడుతుంది

మట్టి దారిలో బండి ఆగిపోవడానికి తక్కువ ఎత్తు ఎంత కారణమో, పట్టు లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. కాంపాక్ట్ ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం ముందు చక్రాలతో మాత్రమే నడిచేవి. తారు రోడ్డు మీద ఇది మంచి పద్ధతే: బరువు తగ్గుతుంది, లోపల చోటు కలిసివస్తుంది, మైలేజీ బాగుంటుంది. చిక్కంతా ఎత్తు ఎక్కేటప్పుడు వస్తుంది. వాలు ఎక్కే బండి బరువు వెనక్కి జరుగుతుంది. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను కూడా ఉంటే ఆ బరువు ఇంకా వెనక్కి పోతుంది. లాగవలసిన ముందు చక్రాలు అప్పుడే తేలికైపోతాయి. కరకట్ట మీదికి ఎక్కే తడి మట్టి దారిలో ఒంటరిగా ఎక్కిన డ్రైవరు, కుటుంబంతో వచ్చినప్పుడు సగంలో చక్రాలు తిప్పుకుంటూ నిలిచిపోవడానికి కారణం ఇదే.

ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్ పని చేసే తీరు ఈ కష్టాన్ని ఇంకా పెంచుతుంది. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వేగాలతో తిరగాలి కాబట్టి ఆ అమరిక పెట్టారు. కానీ ఒక చక్రం బురదలో జారితే, జారే చక్రం ఎంత తక్కువ బలాన్ని తీసుకుంటుందో రెండోదానికీ అంతే అందుతుంది. ఒకటి ఊరికే గిరగిర తిరుగుతూ, గట్టి నేల మీద ఉన్నది కదలకుండా ఉండే దృశ్యం మన డొంకల్లో అందరూ చూసేదే. ఇప్పటి బండ్లలో ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్నవాటిలో చాలావరకు జారే చక్రానికి బ్రేకు వేసి రెండోవైపుకు బలం మళ్లించే ఏర్పాటు ఉంటుంది. కొన్ని ముందు చక్రాల బండ్లలో మట్టి, ఇసుక, మంచు అని రాసి ఉండే మోడ్‌లు కూడా యాక్సిలరేటర్, బ్రేకుల స్పందనను మార్చేవే తప్ప వెనక చక్రాలకు శక్తిని ఇచ్చేవి కావు. ఆ స్విచ్ చూసి ఫోర్ వీల్ డ్రైవ్ ఉందనుకోవద్దని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

అసలు ఫోర్ వీల్ డ్రైవ్‌లోనే రెండు రకాలున్నాయి. మారుతి గ్రాండ్ విటారాలో దొరికే ఆల్‌గ్రిప్ సెలెక్ట్ రకంలో మామూలుగా ముందు చక్రాలు నడుపుతాయి, అవి జారినప్పుడు వెనక చక్రాలకు కొంత శక్తి చేరుతుంది. వానలో నున్నని ఘాట్ రోడ్డుకు, తడి గడ్డికి, తేలికపాటి ఇసుకకు ఇది చాలు. జిమ్నీ, మహీంద్రా థార్‌ల ఫోర్ వీల్ డ్రైవ్ మోడళ్లలో ఉన్నది రెండో రకం: నిచ్చెన ఆకారపు ఛాసిస్, డ్రైవరే లీవరుతో వేసుకునే ఫోర్ వీల్ డ్రైవ్, దానితో పాటు లో రేంజ్ గేర్. లో రేంజ్ వేస్తే చక్రాల దగ్గర బలం రెండు రెట్లో, అంతకు మించో పెరిగి వేగం తగ్గుతుంది. నిండు బండి క్లచ్ కాలకుండా, నడక వేగంతో రాళ్ల మీదుగా పాకడానికి కావలసింది అదే. ఈ రకానికి ఒక షరతు ఉంది: ముందు, వెనక ఇరుసులను గట్టిగా కలిపేస్తుంది కాబట్టి ఎండిన తారు రోడ్డు మీద దాన్ని వేసి ఉంచకూడదు, మలుపుల్లో గేర్‌బాక్సు, ఇరుసులు ఒత్తిడికి లోనవుతాయి. ఏ రకమైనా బ్రేకు పట్టును మాత్రం పెంచదు. ఎక్కడానికి నాలుగు చక్రాలు సాయం చేస్తాయి, ఆగడం టైర్ల చేతిలోనే ఉంది.

పేరు చూసి కొనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. 2023 జనవరిలో వచ్చిన 1.5 లీటర్ల డీజిల్ థార్ వెనక చక్రాలతో మాత్రమే నడిచేది. ఐదు డోర్ల థార్ రాక్స్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ మోడళ్లకే ఉంది. బయట నుంచి చూస్తే తేడా తెలియదు. అయితే వెనక చక్రాల బండికి ఒక ఊరట ఉంది: బరువు ఎక్కే కొద్దీ దాని లాగే చక్రాల మీదే భారం పడుతుంది కాబట్టి నిండుగా ఎత్తు ఎక్కడంలో అది ముందు చక్రాల బండికన్నా మెరుగు.

మన నేల

నిజానికి ఈ ప్రాంతంలో బండి సామర్థ్యం కన్నా నేల స్వభావం తెలుసుకోవడమే ముఖ్యం. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడి వేసవిలో సిమెంటులా గట్టిగా ఉండి, వాన పడగానే ఉబ్బి జిగురవుతుంది. అది టైరు గాడుల్లో నిండిపోయి టైరును నున్నటి ఉండగా మార్చేస్తుంది, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య పేరుకుపోతుంది. రోడ్డు టైర్లతో ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ కూడా అందులో నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ అక్కడే ఉంటుంది. రేగడి పొలాల రైతులు వాన వెలిశాక పదును ఆరేదాకా ట్రాక్టరును సైతం డొంకలోకి దించకపోవడం అనుభవంతో వచ్చిన పద్ధతి, దాన్ని మించిన సలహా ఏ కంపెనీ ఇవ్వలేదు. పైగా తడి డొంకలో కారు చేసిన గాడి ఆరిన తర్వాత రాయిలా మిగిలి, ఎడ్ల బండ్లకూ బైకులకూ సీజనంతా కష్టం తెచ్చిపెడుతుంది.

కృష్ణ ఒడ్డున కొల్లిపర, కొల్లూరు వైపు లంకల దారులు వేరు. అక్కడ ఒండ్రు, ఇసుక. ఇసుకలో దిగబడితే యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుంటుంది. టైర్లలో గాలి 18–20 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు నేల మీద పరచుకుని బండి తేలుతుంది. కానీ తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి, లేకపోతే వేగంలో టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్‌తో నడిచే చిన్న గాలి పంపు డిక్కీలో లేకుండా ఈ పని చేయకూడదు. కొండపల్లి, కొండవీడు కోటల ఘాట్ రోడ్ల విషయానికొస్తే అవి కట్టిన రోడ్లే, వాటికి ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం ఏమాత్రం లేదు. మంచి బ్రేకులు, గేరు తగ్గించి దిగే అలవాటు ఉంటే చాలు.

ఖర్చు విషయంలో నా మాట ఇది: ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే మట్టి దారి తగిలే కుటుంబం ఫోర్ వీల్ డ్రైవ్ కోసం లక్షలు ఎక్కువ పెట్టడం కన్నా, టైర్లు మార్చుకునే సమయం వచ్చినప్పుడు అదే సైజులో కొంచెం గాడి లోతున్న ఆల్ టెరైన్ టైర్లు వేసుకోవడం మేలు. చప్పుడు కాస్త పెరుగుతుంది, మైలేజీ కొద్దిగా తగ్గుతుంది, ఆ నష్టం భరించదగినదే. డ్రైవరు డోరు తెరిస్తే అంచున ఉండే స్టిక్కర్‌లో మామూలు బరువుకు ఒక గాలి పీడనం, పూర్తి బరువుకు ఇంకొకటి రాసి ఉంటుంది. నిండుగా హైవే ఎక్కేముందు రెండో అంకె చూసి గాలి పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ.

నీరు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లింది. సెల్లార్లలో ఎత్తు బండ్లూ చిన్న కార్లూ తేడా లేకుండా మునిగాయి. ఆ అనుభవం తర్వాత ఎస్‌యూవీ కొంటే నీళ్లలో ఇబ్బంది ఉండదన్న మాట ఎక్కువగా వినిపిస్తోంది. దాన్ని నేను తీవ్రంగా వ్యతిరేకిస్తాను.

గ్రౌండ్ క్లియరెన్స్ వేరు, నీళ్లలో దిగగల లోతు వేరు. రెండోది ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం ఎక్కడ ఉంది, ఎలక్ట్రికల్ కనెక్షన్లు ఎంత ఎత్తులో ఉన్నాయి అన్నదాని మీద ఆధారపడుతుంది. థార్‌కు కంపెనీ 650 మిల్లీమీటర్లని ప్రకటించింది. చాలా ఫ్యామిలీ ఎస్‌యూవీలకు అలాంటి హామీయే ఉండదు. గాలి గొట్టంలోంచి నీరు సిలిండర్‌లోకి వెళితే, నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడం ఇంజిన్‌ను చేతులారా పాడుచేసుకోవడమే. అలా జరిగిన నష్టాన్ని మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీ సాధారణంగా భరించదు, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి. ప్రవాహం ఉన్న వాగు చప్టా మీద పరిస్థితి ఇంకా ప్రమాదకరం: అడుగు లోతు ప్రవాహం చిన్న కారును, రెండడుగులది ఎస్‌యూవీలను సైతం తోసుకుపోగలదు. గాలి నిండిన పెద్ద డొక్కు కాబట్టి బండి తేలుతుంది, తేలిన చక్రానికి ఎన్ని డ్రైవులున్నా పట్టు లేదు. గుంటూరు మూడు వంతెనల కిందయినా, పల్నాడు వాగు మీదయినా నీరు కదులుతుంటే ఆగిపోవడమే సరైన పని.

ఇంట్లోవాళ్ల కొలతలు

ప్రయోజనం అనేది లీటర్లలో కొలిచేది మాత్రమే కాదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు సీటు మరీ కిందున్నా కష్టమే, మరీ పైనున్నా కష్టమే. నిలబడి వెనక్కి కూర్చుంటే నడుము సీటు మీద సరిగ్గా ఆనే ఎత్తు చాలా కాంపాక్ట్ ఎస్‌యూవీల్లో ఉంది, వాటి గొప్ప సుగుణాల్లో అదొకటి. థార్ లాంటి వాటిలో మెట్టు మీద కాలు పెట్టి పిడి పట్టుకుని ఎక్కాలి. మూడు డోర్ల థార్‌లో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు వంచాలి, పెద్దవాళ్లున్న ఇంటికి అది పనికిరాదు. జిమ్నీలో సీట్లు నాలుగే, వెడల్పు 1,645 మిల్లీమీటర్లు, డిక్కీ 208 లీటర్లు. ఆ సన్నదనం వన్ టౌన్ సందుల్లో ఎంతో ఉపకారం, ఐదుగురున్న ఇంటికి మాత్రం మొదటి రోజు నుంచే లోటు.

జిమ్నీ, థార్‌ల వెనక తలుపుకు స్టెప్నీ బిగించి ఉంటుంది, ఆ తలుపు పక్కకు తెరుచుకుంటుంది. సెల్లార్‌లో గోడకు వెనక చేసి పెడితే డిక్కీ తెరవలేం. వెనక సీటుకు ఏసీ వెంట్లు ఉన్నాయా అన్నది మే నెల మధ్యాహ్నం బెజవాడలో చూడవలసిన విషయం. కార్లను ఢీకొట్టించి భద్రత చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరు నుంచి జరుగుతున్నాయి కాబట్టి కొనే మోడల్ రేటింగు, అందులో పిల్లల భద్రత మార్కులు విడిగా చూడవచ్చు. డిక్కీలో పిల్లల్ని కూర్చోబెట్టే అలవాటు మాత్రం ఎంత దగ్గరి ప్రయాణమైనా మానుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లి నున్నటి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిరిగి వస్తే పైన చెప్పినవేవీ తెలియవు. ఇంట్లో అందరినీ, వీలైతే రెండు పెట్టెలనూ ఎక్కించి, మీ సొంత సెల్లార్‌లోకి దింపి ఎక్కించమని అడగండి. ర్యాంపు మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి, క్లచ్ వాసన వస్తుందా, బండి వెనక్కి జారుతుందా చూడండి. సేల్స్ అబ్బాయి సందేహించినా మర్యాదగా పట్టుబట్టండి. నగరంలో ఉంటూ పండగలకు ఊరెళ్లే ఐదుగురి కుటుంబానికి ముందు చక్రాలతో నడిచే నాలుగు మీటర్ల బండి, మంచి టైర్లతో, సరిపోతుంది. వర్షాకాలంలో తరచూ ఏజెన్సీ వైపో ఘాట్లకో వెళ్లేవాళ్లకు ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న గ్రాండ్ విటారా లాంటిది సమతూకం. లంకలో తోట ఉండి, వారం వారం ఇసుకలో, బురదలో దిగక తప్పని ఇంటికి లో రేంజ్ ఉన్న బండి న్యాయమైన ఖర్చు, మనుషులు ఎక్కువైతే థార్ రాక్స్ డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్, ఇద్దరు ముగ్గురే అయితే జిమ్నీ. వీటిలో ఏదైనా సెకండ్ హ్యాండ్‌లో విజయవాడలో కొంటుంటే, సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి చార ఉందేమో, సీట్ల కింద బోల్టులు తుప్పు పట్టాయేమో, స్టెప్నీ గుంటలో ఒండ్రు మిగిలిందేమో చూశాకే బయానా ఇవ్వండి.